వెనక్కి చూస్తూ గిద్దలూరు దాకా

మా ఊరి శాఖా గ్రంథాలయంలో హిమాలయాలు ఎక్కినవాళ్లు, సముద్రాలు దాటినవాళ్లు రాసిన యాత్రలు ఒక బీరువా నిండా ఉన్నాయి. దాదాపు అన్నీ చదివాను. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయివచ్చినవాడు రాసింది మాత్రం ఒక్కటీ లేదు. ఎందుకు రాస్తారు? బస్సెక్కి ఒక కునుకు తీస్తే వచ్చే ఊరు. ఆ బీరువాలో చోటు ఖాళీగా ఉందని నేనేమీ రాయడం లేదు. ఈ ప్రయాణం చేసి వచ్చినప్పటి నుంచి మా వీధిలో పసిపిల్లలున్నవాళ్లంతా నా స్టీలు సామాన్ల దుకాణానికి వచ్చి, "అన్నా, కారులో పాప సీటు బెల్టుతో ఎట్ల బిగించినావో కాస్త చెప్పు" అంటున్నారు. నేను చెబుతున్నంతసేపూ గిన్నెలు కొనేవాళ్లు మెట్ల కింద నిలబడుతున్నారు. ఒకసారి రాసి పెడితే అడిగినవాళ్ల చేతికిచ్చి నా బేరం నేను చూసుకోవచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది. నేను పదో తరగతితో బడి మానినవాణ్ని. మధ్యాహ్నం బేరాల్లేని వేళ గ్రంథాలయంలో కూర్చుని చదివిందే నా చదువు. "అంత చదివి ఏం చేస్తావు?" అని అడగనివాడు మా బజారులో లేడు. ఏం చేశానో ఇక్కడ రాస్తున్నాను.

మార్కాపురం: బెల్టుంది, లాకు లేదు

మా చెల్లెలు సుజాత కాపురం హైదరాబాదులో, మెట్టినిల్లు గిద్దలూరులో. దాని కూతురు నందినికి పదకొండో నెల నడుస్తోంది. ఆ నెల దాటితే పుట్టువెంట్రుకలు మళ్లీ మూడో ఏడు దాకా తీయించకూడదని వాళ్ల ఇంటి ఆచారం. నెలలో మిగిలిన మంచిరోజు ఒకటే. గిద్దలూరులో సుజాత అత్తగారు లక్ష్మమ్మ అప్పటికే బంధువులందరినీ పిలిచి, వంటవాళ్లను కూడా మాట్లాడేసింది. మేనమామను కాబట్టి నేను పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పాప పుట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు నుంచీ పాప సీటు లేకుండా కారెక్కలేదు. నెల కిందట మా బావ రమేష్ తన కారులో తల్లీపిల్లలను మా ఇంట్లో దింపి, సీటు ఇక్కడే వదిలి హైదరాబాదు వెళ్లిపోయాడు. గిద్దలూరుకు ఆయన నేరుగా రైల్లో వస్తాడు. మేము మా స్నేహితుడు ఖాదర్ బాషా కారులో పోవాలి. రైలు మాకూ ఉంది కదా అంటారేమో. సారె సామాను, పాప సామాను మోసుకుని రైలు దిగాక మళ్లీ ఆటో ఎక్కాల్సిందే. సుజాత ఆటో మాటెత్తనివ్వలేదు.

"చూడన్నా, సీటు కదలకుండా బిగిస్తే వస్తాం. కదిలిందంటే పాప రాదు, నేను రాను. వెంట్రుకలు మూడో ఏటనే తీయించుకుందాం" అంది.

"మరి మీ అత్తకు ఏమని చెప్పేది?"

"నువ్వే చెప్పు. అంత చదివినావు గదా."

లక్ష్మమ్మత్తకు ఆ మాట చెప్పడం కంటే సీటు బిగించడమే సులువనుకున్నాను. రమేష్ బావకు ఫోన్ చేస్తే, "నేనెప్పుడూ బెల్టుతో కట్టలేదు బావా. మా కారులో సీటు సందున కొక్కేలుంటాయి, టక్కున పడతాయి" అన్నాడు. బాషా కారు పాతది. కొక్కేలు లేవు, బెల్టే దిక్కు. నేరుగా గ్రంథాలయానికి పోయాను. పిల్లల పెంపకం మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. అందులో సీటు బొమ్మ ఉందని నాకు గుర్తు. అట్టలు చిరిగినా ఆ పేజీ భద్రంగా ఉంది. బొమ్మ కింది ప్రతి వాక్యాన్నీ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. వచ్చేటప్పుడు నా నడక కూడా మారిందని బాషా అన్నాడు.

కారు దగ్గరికి వచ్చి చూస్తే వెనక సీటుకు బెల్టులు వేలాడుతున్నాయి గానీ, అవి పడే లాకులు కనిపించలేదు. సీట్లకు మెరూన్ రంగు రెక్సిన్ కవర్లు కొత్తగా కుట్టించాడు బాషా. తప్పెట తోలులా బిగువుగా ఉన్నాయి. కంపెనీ ప్లాస్టిక్ కాగితం కూడా తీయలేదు, మాసిపోతాయని.

"లాకులు ఏవి బాషా?"

"కారు కొన్నప్పుడు ఉండె అన్నా. కవర్లేయించినాక కనపడల్యా."

కవర్లు కుట్టిన కోటయ్య మామను పిలిపించాం. ఆయన సీటును తడిమి చూసి, "యాడికి పోతాయి, లోపలే ఉండాయి. వెనక కూర్చునేటోళ్లకు గుచ్చుకుంటాయని అందరికీ లోపలికి తోసే కుడతా. ఇన్నేళ్లలో లాకు కావాలని అడిగిన మొదటి మనిషివి నువ్వే" అన్నాడు.

బాషా కారుకు అడ్డం నిలబడ్డాడు. "కొత్త కవర్లన్నా! బ్లేడు పెడితే నా గుండెకు పెట్టినట్టే."

చాలాసేపు బేరం నడిచింది. చివరికి పాప సీటు పెట్టే ఎడమ కిటికీ వైపు ఒక్క లాకుకు మాత్రం కంత పెట్టడానికి ఒప్పుకున్నాడు. కోటయ్య మామ బొత్తాం కాజా కుట్టినంత శ్రద్ధగా కోసి, అంచు మడిచి కుట్టాడు. కోస్తున్నంతసేపూ బాషా వేపచెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇంటి ముందు: నీలమా, ఎరుపా

సీటుకు రెండు రకాల గుర్తులున్నాయి. బెల్టు పోవలసిన దారిలో కొన్నిచోట్ల నీలం, కొన్నిచోట్ల ఎరుపు. పసిపిల్ల కారు వెనక వైపు చూస్తూ కూర్చోవాలి కాబట్టి బెల్టు నీలం దారిలో పోవాలి. పెద్దయ్యాక ముందుకు తిరిగి కూర్చున్నప్పుడు ఎరుపు దారి. సీటుకు అంటించిన కాగితంలోంచి ఇదే నేను గట్టిగా చదివి వినిపిస్తుంటే, ఎదురింటి సీతమ్మ పెద్దమ్మ చేట పక్కన పెట్టి వచ్చింది.

"నీలం శని రంగు నాయనా. ఆడపిల్ల శుభానికి పోతా ఉంటే నీలంలోంచి కట్టేదేంది? ఎర్రదాంట్లోంచి పోనియ్యి."

చుట్టూ చేరిన నలుగురూ ఔనన్నారు. పెద్దమ్మ మాట కాదనలేక ఎరుపులోంచి తిప్పి బిగించాను. సుజాత వచ్చి రెండు చేతులతో పట్టుకుని ఊపితే సీటు ఉయ్యాలలా ఊగింది. సుజాత ఇంట్లోకి పోయి సర్దిన సంచీలోంచి పాప గౌన్లు ఒక్కొక్కటే బయటికి తీయడం మొదలుపెట్టింది. ఆ గౌన్లను చూసి నేను భయపడినంతగా మా పెద్దమ్మ కూడా భయపడింది.

"సరే, ఆ నీలమే చూడు" అంది.

మళ్లీ విప్పాను. పుస్తకంలో చదివింది అందరికీ చెప్పాను. పసిపిల్లకు తల బరువు, మెడ లేత. కారు ఉన్నట్టుండి ఆగితే ముందుకు చూసే పిల్ల తల విసురుగా ముందుకు పోతుంది. వెనక్కి చూసే పిల్లకైతే తల, మెడ, వీపు అన్నిటినీ సీటు వీపే కాచుకుంటుంది. ఒళ్లో పెట్టుకున్న పిల్లను ఎంత బలవంతుడైనా ఆ విసురుకు పట్టి ఆపలేడు. ముందు సీటు ఎదుట ఎయిర్‌బ్యాగ్ అనే గాలిసంచి ఉన్న కారైతే, అక్కడ ఇలా వెనక్కి చూసే సీటు అసలు పెట్టకూడదు. అందరూ విన్నారు. పెద్దమ్మ మాత్రం నీలం గుర్తుల మీద ఒక్కొక్క కుంకుమ బొట్టు పెట్టి, "ఇప్పుడు కట్టు" అంది.

కట్టాను. నడుము పట్టీని మెలిక పడకుండా నీలం దారిలో పోనిచ్చి లాకులో వేశాను. భుజం పట్టీని సీటు వీపు చుట్టూ తిప్పి, అక్కడున్న నీలం క్లిప్పులో దూర్చాను. తర్వాత మోకాలు సీటు గుంతలో పెట్టి నా బరువంతా మోపి, వదులంతా భుజం పట్టీలోకి వచ్చేదాకా లాగాను. గట్టిగానే ఉంది. కానీ సుజాత ఊపగానే సీటు బెల్టుతో సహా పక్కకు జారింది. కారణం ప్లాస్టిక్ కాగితం. రెక్సిన్ మీద అది నూనె రాసినట్టు జారుతోంది.

"బాషా..." అన్నాను.

"చెప్పొద్దన్నా, అర్థమయింది" అని తనే ప్లాస్టిక్ చింపేశాడు.

ఈసారి సుజాత బెల్టు దూరిన చోట పట్టుకుని అటూ ఇటూ గుంజింది. బొటనవేలి వెడల్పు కూడా కదల్లేదు. లోపలికి పోయి గౌన్లన్నీ మళ్లీ సంచీలో సర్దింది.

తర్లుపాడు: బొంత మర్యాద

మరునాడు మధ్యాహ్నం బయలుదేరాం. వెనక కూర్చుంటే సుజాతకు వాంతులు, అందుకని ముందు కూర్చుని బెల్టు పెట్టుకుంది. పాప పక్కన నేను. పాపకు సీటులోని సొంత పట్టీలు వేసి, మెడ కింది ఎముక దగ్గర పట్టీని వేళ్లతో గిల్లి చూశాను. మడత అందకపోతే సరిగ్గా బిగిసినట్టు. మడత అందలేదు, పాప నా వేలు కొరికింది.

తర్లుపాడులో బాషా వాళ్ల అక్క నూర్జహాన్ ఇల్లుంది. ఆ దారిన పోతూ ఆగకపోతే ఏడాది మాట్లాడదట. ఉడకబెట్టిన శనక్కాయలు పళ్లెం నిండా పెట్టింది. మా ఊళ్లో ఉప్పు మాత్రమే వేస్తాం, వాళ్లు పసుపు కూడా వేస్తారు. నేను రెండు పళ్లేలు తిని ఈ తేడా నిర్ధారించుకున్నాను.

బయలుదేరుతుంటే ఆమె పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి తెచ్చింది. "పాపకని కుట్టినా తమ్ముడా. ఆ సీటు కింద రాయిలెక్క ఉండాది, మడిచి వెయ్యి. మెత్తగా ఉంటది."

అంత ప్రేమగా ఇచ్చినదాన్ని కాదనడం నాకు చేతకాలేదు. బెల్టు వదులు చేసి, బొంత నాలుగు మడతలు వేసి సీటు కింద పెట్టి, మళ్లీ మోకాలు పెట్టి బిగించాను. గట్టిగానే నిలిచింది. పుస్తకంలో బొంత ప్రసక్తి లేదు గదా అని సరిపెట్టుకున్నాను.

కంభం: ఓబులమ్మ తీర్పు

కంభం చేరేసరికి చెరువు మీది గాలికి పాప నిద్రపోయింది. టీ కోసం ఆగాం. సుజాత అలవాటుగా చెయ్యి వెనక్కి చాపి సీటు ఊపింది. ఊగింది.

"అన్నా! ఏంది ఇది?"

గుంటల రోడ్డు మీద ఊగి ఊగి బొంత అణిగిపోయింది. బొంత అణిగినంత మేరా బెల్టు వదులైంది. బిగించినప్పుడు గట్టిగా ఉన్నది సీటు కాదు, ఉబ్బిన బొంత. ఇది తెలిశాక నాకు టీ రుచించలేదు.

"ఇట్లయితే ఇంకో అడుగు ముందుకు పోము. బాషన్నా, బండి తిప్పు, ఇంటికి పోదాం" అంది సుజాత. అది అన్న మాట నిలబెట్టుకునే మనిషి. అక్కడ గిద్దలూరులో లక్ష్మమ్మత్త అరిసెల పాకం పట్టిస్తూ ఉంటుంది. 

"ఒక్కసారి, ఒక్కసారి ఇయ్యమ్మా" అని బతిమాలాను.

బజ్జీల బండి పెట్టుకున్న ఓబులమ్మ అనే అవ్వ ఇదంతా చూస్తోంది. చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి పాపను చంకనేసుకుంది. "మీ పంచాయితీ కానీండి, పిల్ల నా కాడుంటది" అంది. నేను బొంత తీసి, మొదటి నుంచి మళ్లీ బిగించడం మొదలుపెట్టాను. బాషా బెల్టు లాగుతుంటే నేను మోకాలు పెట్టాను.

ఓబులమ్మకు ఆ దృశ్యం నచ్చింది. "కుర్చీని కొడతన్నాడా, కడతన్నాడా?" అని నలుగురినీ పిలిచింది.

"కడతన్నాడు అవ్వా" అన్నాడు బాషా.

"అంత కట్టేదుంటే పిల్లను నేనే గిద్దలూరు దాకా చంకనేసుకొని వస్తును గదా."

సుజాత గుంజి చూసింది. మళ్లీ గుంజింది. చివరికి, "ఇప్పుడు సరే" అంది. ఓబులమ్మ బజ్జీలు ప్లేటు ఇరవై. మా మార్కాపురం బజ్జీలో మిరపకాయకు వాము పెడతారు, ఆమె చింతపండు పెడుతుంది. పాపను ఎత్తుకున్నందుకు ఏమన్నా ఇవ్వబోతే, "పిల్లలకు బాడిగ తీసుకుంటానా?" అని నాలుగు బజ్జీలు ఎక్కువే వేసింది.

బేస్తవారిపేట: గొర్రెలు

బేస్తవారిపేట ఇంకా రాకముందే, కంప చెట్ల మలుపులో, ఉన్నట్టుండి రోడ్డంతా గొర్రెలు. బాషా నిలువునా బ్రేకు తొక్కాడు.

తర్వాత ఏమేం జరిగిందో నేను ముక్కలు ముక్కలుగానే చెప్పగలను. అరటిపళ్ల గెల ముందు అద్దానికి కొట్టుకుంది. సారె కోసం నా దుకాణం నుంచి తీసుకున్న కొత్త స్టీలు బిందె వెనక అరలోంచి ఎగిరి వచ్చి నా భుజానికి తగిలింది. నేను ముందు సీటు వీపు మీద పడ్డాను. నుదురు తగిలింది, మోకాలు తగిలింది. సుజాతను దాని బెల్టు పట్టి ఆపింది. పాప సీటు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. పాప అందులో కళ్లు తెరిచి, నేను ఎగరడం చూసి, ఇంకోసారి చెయ్యమన్నట్టు నవ్వింది.

సుజాత వెనక్కి తిరిగి పాపను తడిమింది, ఏడ్చింది, నవ్వింది. తర్వాత నా నుదురు చూసింది. "అన్నా, నీ బెల్టు ఏదీ?"

నా పక్క లాకు కవరు కిందే ఉంది. కంత ఒక్కటే కదా పెట్టించింది. మార్కాపురం నుంచి ఆ కారులో బెల్టు లేకుండా కూర్చున్న ఒకే ఒక్క మనిషి, బెల్టు గురించి పుస్తకం చదివిన మనిషే.

గొర్రెల కాపరి పెద్దాయన కిటికీలోంచి తొంగి చూశాడు. "పిల్లకేం కాల్యా?"

"కాలేదు పెద్దాయనా."

"మరి ఈయన్ను కూడా అట్లనే కట్టకపోతిరి?"

బేస్తవారిపేటలో బాషా కారు ఆపి, పక్క దుకాణంలో బ్లేడు అడిగి తెచ్చాడు. ఎవరూ అడగకుండానే మిగిలిన రెండు లాకుల మీదా కవరు తనే కోశాడు. కోటయ్య మామ పనితనం అందులో లేదు, అంచులు వంకరపోయాయి. "పోనీలే అన్నా, కవర్లు మళ్లీ కుట్టించుకుంటా" అన్నాడు. ఈసారి వేరే వైపు తిరగలేదు. బిందెను సంచుల కిందికి తోసి, నూర్జహాన్ అక్క బొంతను మోకాలికి చుట్టుకుని, బెల్టు పెట్టుకుని కూర్చున్నాను. బిందెకు పడిన సొట్ట సారెలో పెట్టేటప్పుడు గోడ వైపు తిప్పాలనుకున్నాం.

గిద్దలూరు: ఒడి

పొద్దు వాలే వేళకు లక్ష్మమ్మత్త గుమ్మంలోనే ఉంది. కారులోకి వంగి చూసింది.

"ఏందిది? నా మనవరాలు దారికి వీపు పెట్టి వచ్చిందా?"

"భద్రం అత్తా. పుస్తకంలో..."

"పుస్తకం సంగతి సరే నాయనా. మేనమామ అంటే ఒడి. ఒళ్లో పెట్టుకొని తేవాల్సిన పిల్లను మూటలెక్క కట్టి తెచ్చినావే. రేపన్నా ఒళ్లో పెట్టుకుంటావా, ఆడ కూడా బెల్టేస్తావా?"

వాకిట్లో ఉన్న బంధువులంతా నవ్వారు. సుజాత గొర్రెల సంగతి చెప్పింది. అత్త వింటూ నా నుదుటి బొప్పి మీద వేలు పెట్టి చూసింది. భోజనంలో నా విస్తట్లో రెండు భక్షాలు ఎక్కువ పడ్డాయి. మేము బొబ్బట్లు అనేవే వాళ్ల భక్షాలు. మావి అరచేయంత, వాళ్లవి పళ్లెమంత.

పొద్దున గుడి మండపంలో పీట మీద కూర్చున్నాను. పంచె, కండువా, చేతిలో కత్తెర. పాపను తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టగానే పెట్టిన ఏడుపు ఇంకా చెవుల్లో ఉంది. సన్నాయి ఆగిపోయింది. వెంట్రుకలు తీసే సుబ్బరాయుడన్న కత్తి పక్కన పెట్టాడు. "ఇంతగా కదిలితే కత్తి పెట్టనమ్మా, పిల్ల తల" అన్నాడు. రమేష్ బావ గిలక్కాయ ఊపాడు. సుజాత పాట పాడింది. నేను గ్రంథాలయంలో నేర్చిన పక్షుల కూతలు కూశాను, దాంతో ఏడుపు ఇంకా పెరిగింది. ముహూర్తం జారిపోతోందని పూజారి గొంతు సవరించుకుంటున్నాడు.

లక్ష్మమ్మత్త పిల్లను చూసింది, నన్ను చూసింది. గుడి బయట కారును చూసింది.

"బాషా, ఆ కుర్చీ తే" అంది.

నేను అంత కష్టపడి కట్టినదాన్ని బాషా విప్పి తెచ్చాడు. అత్త దాన్ని ఎత్తి నా తొడల మీద పెట్టింది. దాంట్లో పాపను పెట్టింది. పాప పట్టీ నోట్లో పెట్టుకుని చప్పున ఊరుకుంది.

పూజారి అనుమానంగా, "మేనమామ ఒళ్లో కూర్చోవాలి గదమ్మా" అన్నాడు.

"మేనమామ ఒళ్లో కుర్చీ, కుర్చీలో పిల్ల. మేనమామ ఒళ్లో లేదని ఎవురంటారు?" అంది అత్త. పూజారి మంత్రం అందుకున్నాడు.

మొదటి కత్తెర వేశాను. ఆ సీటు ఎంత బరువో పుస్తకంలో రాయలేదు. సుబ్బరాయుడన్న ముందు తలంతా తీశాడు. వెనక తల కోసం పాప తనే ముందుకు వంగి పట్టీ నములుతుంటే, ఆ సందులో తీశాడు. అయ్యేసరికి నా తొడలు నావి కావు.

తిరుగు దారి

మర్నాడు లక్ష్మమ్మత్త కూడా మాతో బయలుదేరింది, మా మార్కాపురం చెన్నకేశవస్వామిని చూడాలని. సీటు మళ్లీ బిగించాలి. నేను చొక్కా చేతులు మడిచేలోపే ఆమె కొంగు బిగించి కారెక్కి, మోకాలు సీటు గుంతలో పెట్టింది.

"నీలమా, ఎరుపా?" అని అడిగింది.

"నీలం అత్తా."

"లాగు మరి, చూస్తావేంది?"

లాగాను. సుజాత ఊపి చూడబోతే అత్త దాని చెయ్యి తీసేసి, తనే పట్టుకుని గుంజింది. కారు ఊగింది గానీ సీటు కదల్లేదు. తర్వాత ఆమె నా పక్కన నడిమి సీటులో సర్దుకుని, బాషా వంకరగా కోసిన కంతలో చెయ్యి పెట్టి వెతికింది.

"నాయనా, నాది యాడుండాది లాకు?"

ఇక ఈ యాత్ర సాగనిచ్చినవాళ్లకు నా కృతజ్ఞతలు. కొత్త కవరుకు బ్లేడు పెట్టిన కోటయ్య మామకు. నీలానికి కుంకుమ పెట్టి దారిచ్చిన సీతమ్మ పెద్దమ్మకు. బొంత ఇచ్చిన నూర్జహాన్ అక్కకు, అది సీటు కింద పనికిరాకపోయినా నా మోకాలికి పనికొచ్చింది. బాడిగ తీసుకోని ఓబులమ్మ అవ్వకు. నేను పేరు అడగడం మరిచిన గొర్రెల పెద్దాయనకు. ఓపిక పట్టిన సుబ్బరాయుడన్నకు. కొక్కేల కారు హైదరాబాదులో ఉంచి వచ్చి నాకీ అవకాశం ఇచ్చిన రమేష్ బావకు. తన కవర్ల కంటే మమ్మల్నే ఎక్కువ చూసుకున్న ఖాదర్ బాషాకు. ప్రతి ఊళ్లో ఊపి చూసిన సుజాతకు. నాకంటే గట్టి మోకాలున్న లక్ష్మమ్మత్తకు. ఆఖరుగా నందినికి: సీటు లేకుండా నా ఒళ్లోకి ఇప్పటికీ రాదు, సీటుతో అయితే ఎప్పుడైనా సరే, నా తొడలు సిద్ధం.